వెబ్‌సైటు అప్పగింతలు

ఇల్లు కట్టిన మేస్త్రి గృహప్రవేశమునాడు తాళపుచెవులు యజమానురాలి చేతికిచ్చి తన దారిన తాను పోవును. వెబ్‌సైటు కట్టినవారు మాత్రము పెక్కుచోట్ల తాళపుచెవులను తమయొద్దనే యుంచుకొని పోవుచున్నారు. కొందఱు దురాలోచనచేత నట్లు చేయుదురు. ఎక్కువమంది “వీరికేమి తెలియును? ఏదో యొకటి నొక్కి చెడగొట్టుకొందురు” అన్న జాలిచేత చేయుదురు. ఈ రెండవ కారణము మంచిదివలె గనబడును గాని, ఫలితమునందు మొదటిదానికంటె నేమియు మేలు గాదు.

నేడు మన యిండ్లలో ఆవకాయ, అప్పడములు, సున్నియుండలు చేసి దూరదేశముల కంపువారును, మంగళగిరి, పోచంపల్లి చీరలు తెప్పించి యమ్మువారును, వీణయు గాత్రమును నేర్పువారును, పదిమంది పిల్లలను జేర్చుకొని బడి నడుపువారును నెందఱో కలరు. వీరి యంగడికి వీధిగుమ్మము వెబ్‌సైటే. డల్లాసులోనున్న తెలుగింటి కోడలు మాగాయకొఱకు తట్టునది ఆ గుమ్మమునే. దానిని గట్టించుటకు వేలకొలది రూపాయలు వెచ్చింతురు. కట్టినది కన్నులపండువుగనే యుండును. ఆఱు నెలలు గడచునప్పటికి నూనె ధర పెరుగును. ఆవకాయ వెల మార్పవలసివచ్చును. ఎట్లు మార్చవలెనో యజమానురాలికి తెలియదు. కట్టిన యబ్బాయికి ఫోను చేసినచో నతడు వేఱొక పనిలో నుండును. మూడు దినములకు తీరిక చేసికొని మార్చును. ఆ మూడు దినములు పాతవెలకు వచ్చిన యార్డర్లన్నియు నష్టమునకే తీర్పవలెను. ఇది చిన్న నష్టము. పెద్ద నష్టముల మాట ముందు చెప్పెదను.

ఈ వ్యాసమును ఇరువురి నుద్దేశించి వ్రాయుచున్నాను: వెబ్‌సైటు కట్టించుకొన్న గృహిణుల కొకటి, ఇంట గూర్చుండియే వెబ్‌సైట్లు కట్టియిచ్చు విద్య నేర్చిన చెల్లెండ్ర కొకటి. ఈ రెండవవారి సంఖ్య దినదినము పెరుగుచున్నది. కట్టుట యెట్లో చెప్పు పాఠములు వారికి కావలసినన్ని దొరకును. కట్టినదానిని యజమానురాలికి నేర్పి యప్పగించుట యెట్లో చెప్పువారు మాత్రము తక్కువ.

వెనుకటి కథ కొంచెము తెలిసికొన్నచో ఈ చిక్కు ఎచ్చట బుట్టినదో తెలియును. 1989వ సంవత్సరమున జెనీవా నగరము చెంతనున్న సెర్న్ పరిశోధనాలయమునందు టిమ్ బర్నర్స్‌లీ యను నాతడు వెబ్ అను నేర్పాటును ప్రతిపాదించెను. 1991 నాటికి మొదటి వెబ్‌సైటు వెలసెను. 1993వ సంవత్సరము ఏప్రిల్ 30వ తేదీన సెర్న్‌వారు దీనిని రుసుము లేకయే యెల్లరును వాడుకొనవచ్చునని ప్రకటించిరి. ఆ దినములలో నొక యక్షరము దిద్దవలెనన్నను హెచ్.టి.ఎం.ఎల్. అను సంకేతభాష తెలిసియుండవలెను. కావున యజమాని చీటికిమాటికి శిల్పిని బిలుచుట తప్పనిసరి యయ్యెను. 2003వ సంవత్సరమున మాట్ మలెన్‌వెగ్, మైక్ లిటిల్ అనువారు వర్డ్‌ప్రెస్ అను సాధనమును వెలువరించిరి. ఉత్తరము వ్రాసినంత సులభముగా వెబ్‌సైటులో వ్రాయుటకు, దిద్దుటకు వీలుగల సాధనములలో నిది మిక్కిలి ప్రచారము నొందినది. నేడు లోకమందలి వెబ్‌సైట్లలో నూటికి 40కి మించి దీనిమీదనే నిలిచియున్నవి. మన గృహిణులకు గట్టియిచ్చునవియు తఱచుగా నివియే గనుక నేనును దీనినే దృష్టిలో నుంచుకొని చెప్పెదను. సాధనము సులభమైనది, శిల్పిని బిలుచు నలవాటు మాత్రము పాతదే నిలిచిపోయినది. ఆ రెంటి నడుమనున్న సందులోనే ప్రమాదములన్నియు దూఱుచున్నవి.

మొట్టమొదట నేర్పవలసినది ఏ మీట నొక్కవలెనన్నది కాదు. తనకున్న దేమి, అది యెవరి పేరనున్నది అన్నది. వెబ్‌సైటనగా నొకటే వస్తువని చాలమంది తలంతురు. అది మూడు వస్తువుల కూర్పు. పేరు మొదటిది, దానిని డొమైను అందురు. స్థలము రెండవది, అది హోస్టింగు. ఆ స్థలముమీద లేచిన కట్టడము మూడవది. మన మాటలు, బొమ్మలు, వెలల పట్టిక యన్నియు దానిలోనివి. ఈ మూటికిని వేఱువేఱు ఖాతాలు, వేఱువేఱు రహస్యపదములు, వేఱువేఱు చెల్లింపుదినములు నుండవచ్చును. కట్టడము చెడినచో మఱల గట్టుకొనవచ్చును. స్థలము పోయినచో మఱియొక స్థలమునకు తరలవచ్చును. పేరు పోయినచో దానిని దెచ్చుట బ్రహ్మతరము గాదు.

నేనెఱిగిన యొక గృహిణి పదేండ్లు కష్టించి తన యూరగాయలకు పేరు దెచ్చుకొన్నది. అట్టపెట్టెలమీద, సీసాలమీద ఆ వెబ్‌సైటు పేరే యచ్చువేయించినది. ఆ డొమైనును గట్టినతడు తన యీమెయిలుతో, తన ఖాతాలో గొనెను. ఏటేట రుసుమును ఆమెయొద్ద దీసికొని తానే చెల్లించుచుండెను. తరువాత నతడు వేఱుద్యోగమునకు బోయెను. ఆ యీమెయిలును జూచుట మానెను. గడువు దాటుచున్నదన్న హెచ్చరికలన్నియు నెవరును జదువని యా పెట్టెలోనే పడినవి. ఒకనాటి యుదయమున నామె వెబ్‌సైటు తెఱవబోగా తెఱచుకొనలేదు. కొన్ని నెలలకు తెఱచుకొన్నది. దానిలో జూదపు ప్రకటనలు గనబడినవి! సీసామీది పేరు చూచి వచ్చినవారికి గనబడునది జూదశాల. ఆమె లేఖలు వ్రాసినది, ఫోనులు చేసినది. గడువు దాటిన పేరును మఱియొకరు రుసుము చెల్లించి తీసికొన్నప్పుడు “ఇది నాది” యనుటకు నామెచేత నేకాగితమును లేదు. మిగిలిన అట్టపెట్టెలపై వేఱొక చీటి యంటించుకొనుచు కొత్తపేరుతో మొదటినుండి మొదలుపెట్టినది.

ఈ పేరులన్నియు కొన్నవి గావు, ఏటిలెక్కన బాడుగకు దీసికొన్నవి. డాట్ కామ్ వంటి పేరు గడువు దాటి రద్దయినను వెంటనే పరులపాలు గాదు. 30 దినములవఱకు అపరాధపు రుసుముతో విడిపించుకొను నవకాశము కలదు. అది దాటిన 5 దినములకు పేరు విడుదలయగును. అటుపిమ్మట నెవరైనను దీసికొనవచ్చును. రద్దగుటకు ముందే గడువుదాటిన పేర్లను వేలము వేయు వర్తకులును గలరు. కావున కట్టించుకొన్నవారు అడుగవలసిన మొదటి ప్రశ్న యిది: “డొమైను ఖాతా నా పేరనున్నదా, నా యీమెయిలుతో నున్నదా, నేను దానిని నా చేతితో తెఱవగలనా?” భర్తగారి యీమెయిలో, కుమారుని యీమెయిలో చాలునందురు. వారు మంచివారే కావచ్చును. అయినను నొకరు హైదరాబాదునందును, మఱియొకరు మెల్బోర్నునందును నుండగా, ఆర్డర్లు చూచుకొనువారు తణుకునందుండగా, హెచ్చరిక యెవరి ఫోనులో మ్రోగవలెను? పొలము పట్టా యెవరి పేరనున్నదని యడుగుటకు మనవారు వెనుదీయరు గదా. దీనికిని సిగ్గుపడ బనిలేదు.

పేరు తరువాత తాళపుచెవులు. వర్డ్‌ప్రెస్‌లో నైదువిధముల యధికారములు మొదటినుండి యేర్పడియున్నవి. అడ్మినిస్ట్రేటరు సర్వాధికారి, కట్టడమునే మార్పగలరు, ఇతరుల ఖాతాలు తీసివేయగలరు. ఎడిటరు పుటలన్నిటిని వ్రాయగలరు, దిద్దగలరు. కాని కొత్త పరికరములు చేర్చుట, రూపమును మార్చుట వీరికి సాధ్యము గాదు. ఆథరు తాను వ్రాసినది ప్రచురింపగలరు; కంట్రిబ్యూటరు వ్రాయగలరే గాని ప్రచురింపలేరు; సబ్‌స్క్రైబరు చదువరి. అంగడి నడుపుటకు వూకామర్స్ అను పరికరము చేర్చినచో షాప్ మేనేజరు అను నధికార మొకటి యదనముగా వచ్చును. వెలలు మార్చుటకు, ఆర్డర్లు చూచుకొనుటకు నది చాలును.

ఇచ్చట రెండు పొరపాట్లు జరుగుచుండుట చూచితిని. యజమానురాలికి ఎడిటరు అధికారము మాత్రమిచ్చి, సర్వాధికారము తమచేతనే యుంచుకొని “ఇది మీ క్షేమముకొఱకే” యనుట మొదటిది. అది క్షేమము గాదు, చెఱ. సర్వాధికారపు ఖాతా నొక్కటియే యిచ్చి, ప్రతిదినము దానితోడనే వెలలు దిద్దుకొమ్మనుట రెండవది. అది వంటయింటిలో ఉప్పుడబ్బా కొఱకు ఇనుపపెట్టె తెఱచుటవంటిది. సరియైన పద్ధతి రెండు ఖాతాలిచ్చుట. నిత్యపు పనికి షాప్ మేనేజరో, ఎడిటరో; ఎప్పుడో యొకసారి యక్కఱపడునప్పటికి అడ్మినిస్ట్రేటరు. రెండును యజమానురాలివే. వెబ్‌సైటు సెట్టింగులలో సర్వాధికారి యీమెయిలు వ్రాయుచోట ఆమెదే యుండవలెను. ఏలయన, 2019వ సంవత్సరమున వచ్చిన 5.2వ కూర్పు మొదలుకొని ఏదేని పరికరము చెడి వెబ్‌సైటు ఆగిపోయినచో వర్డ్‌ప్రెస్ ఆ యీమెయిలునకే లోపలికి ప్రవేశించు ప్రత్యేకమార్గము నొకదానిని బంపును. అది ఊరు విడిచిపోయిన శిల్పికి జేరిన నేమి ప్రయోజనము?

రహస్యపదముల గుఱించి యందఱును జెప్పుదురు. నేనొక్కటి మాత్రము చెప్పి విడిచెదను. అమెరికా ప్రభుత్వపు ప్రమాణసంస్థయైన నిస్ట్ 2017లో వెలువరించిన సూచనలలో, ఊరక నెలనెల మార్పించుటకంటె పొడుగైన పదము నొకదానిని నిలుకడగా వాడుటయే మేలని చెప్పినది. మనకు పొడుగైనవి నోటికి వచ్చినవి పద్యములే గదా యని వేమన పద్యపు మొదటి పాదము పెట్టుకొనువారున్నారు. మీకు వచ్చిన పద్యము దొంగకును రావచ్చును. సంబంధములేని నాలుగైదు మాటలు, మీ యింటివారికి దప్ప నితరులకు తోపనివి, చేర్చి పెట్టుకొనుడు. దానిని పుస్తకములో వ్రాసి బీరువాలో నుంచుకొన్నచో తప్పేమియు లేదు. వెబ్‌సైటుల దొంగ బీరువా యొద్దకు రాడు. వాట్సాప్‌లో నలుగురికి పంపుట, ఒకే పదమును బ్యాంకునకును వెబ్‌సైటునకును వాడుట మాత్రము కూడదు. రెండవ తాళముగా ఫోనునకు సంఖ్య వచ్చు నేర్పాటున్నచో దానిని తప్పక పెట్టించుకొనవలెను.

ఇక నేర్పు విధానము. మా యూర నొక యువతి యీ పని చేయుచున్నది. ఆమె యొక చీరల వర్తకురాలికి అప్పగింత జేయుచుండగా నేను ప్రక్కన గూర్చుండి చూచితిని. నేను చూచిన బోధనలలో నిది యుత్తమమైనది. మా యింటివారు బడిపంతులే గనుక ఈ మాట వారి యెదుట కూడ ననగలను.

ఆమె మొదట చేసినపని తన చేతులు రెండును ఒడిలో బెట్టుకొనుట. మౌసును యజమానురాలికే యిచ్చినది. చాలమంది యెట్లు నేర్పుదురు? తాము చకచక నొక్కుచు “ఇదిగో యిట్లు, తరువాత నిట్లు, తెలిసినదా?” యందురు. చూచువారు తెలిసినదనియే తలయూపుదురు. ఇంటికి బోయి చూడగా నొక్కటియు జ్ఞాపకముండదు. కంటితో నేర్చినది కంటితోనే పోవును. చేయి నేర్చినది నిలుచును. ఆ వర్తకురాలు తప్పుచోట నొక్కినను ఈమె తొందరపడి చేయి చాపలేదు. “ఏమి కనబడుచున్నదండీ?” యని మాత్ర మడిగినది. ఆవిడ చదివినది, తానే వెనుకకు వచ్చినది.

రెండవ విశేషము, నేర్పినది అసలు వెబ్‌సైటుమీద గాదు, దాని నకలుమీద. స్టేజింగ్ అను పేర నసలును బోలిన నకలొకటి ప్రక్కన గట్టుకొను సౌకర్యము చాల హోస్టింగు కంపెనీలవారు కల్పించుచున్నారు. “ఇది ఇసుకలో అక్షరములు దిద్దుటవంటిదండీ, ఎంత చెరిపినను చింతలే” దని చెప్పగానే ఆ వర్తకురాలి భుజములలోని బిగువు సడలినది. అటుపిమ్మట ఆమె చేయించినపని చూచి నేను నివ్వెఱపోయితిని. “ఇప్పుడొక పుటను తీసివేయుడు” అన్నది! ఆవిడ భయపడుచు తీసివేసినది. “ఇప్పుడు మఱల దెచ్చుకొందము” అని చెత్తబుట్ట చూపించినది. వర్డ్‌ప్రెస్‌లో తీసివేసిన పుట 30 దినములవఱకు చెత్తబుట్టలో నుండును. ఒక్క నొక్కుతో దానిని మఱల దెచ్చుకొనవచ్చును. తరువాత నొక పుటలోని మాటలన్నియు చెఱిపించి, దాని వెనుకటి ప్రతులు వరుసగా నిలువయుండుట చూపి, నిన్నటి ప్రతిని దెప్పించినది. ఆ గంటలో ఆ వర్తకురాలు నేర్చిన ముఖ్యవిద్య దిద్దుట గాదు, చెడినదానిని తిరిగి తెచ్చుకొనుట. అది తెలిసినవారికి దిద్దుటలో వెఱపుండదు. వెఱపులేనిచో తప్పులును దగ్గును.

ఒక కూర్పున మూడు పనులకు మించి నేర్పలేదు. చీర వెల మార్చుట, కొత్తచీర చేర్చుట, సరకు అయిపోయినదని సూచించుట, అంతే. ప్రకటనలు, రాయితీలు వేఱొకనాటికి వాయిదా. నేర్పినదానిని తెలుగులో, తెరమీది బొమ్మలతో, రెండు కాగితములమీద అచ్చువేసి యిచ్చినది. ఆ కాగితములలో “డ్యాష్‌బోర్డునందలి కంటెంటు మేనేజ్‌మెంటు” వంటి మాటలు లేవు. “ఎడమప్రక్క నల్లపట్టీలో ప్రాడక్ట్స్ అని యున్నచోట నొక్కుడు” అని యున్నది. తెరమీద ఇంగ్లీషులో నెట్లు కనబడునో అట్లే తెలుగులిపిలో వ్రాసినది. అర్థము వేఱుగా జెప్పినది. పారిభాషికపదముల ననువదించి పాండిత్యము చూపుట కిది చోటు గాదని యామెకు తెలియును.

బొమ్మల విషయమున నామె చెప్పిన రెండు మాటలు ప్రతివారికిని పనికివచ్చును. ఫోనుతో తీసిన ఛాయాచిత్రము మిక్కిలి బరువైనది. దానిని జిక్కించక యెక్కించినచో పల్లెటూరి ఫోనులో పుట తెఱచుకొనునప్పటికి కొనుగోలుదారుల యోపిక చచ్చును. ఇది తెలిసిన సంగతియే. రెండవది నాకు కొత్త. ఫోనులో స్థలసూచన తెఱచియుండగా దీసిన చిత్రమునందు, ఆ చిత్రమెచ్చట దీయబడినదో భూమిమీది గుర్తులతోసహ దాగియుండవచ్చును. ఇంటిలో చీర పఱచి తీసిన బొమ్మను ఉన్నదున్నట్లు వెబ్‌సైటులో బెట్టినచో, తెలిసినవాడు దానినిబట్టి యింటిగుమ్మమువఱకు రాగలడు. ఒంటరిగా నుండు స్త్రీలు, ఆడపిల్లలున్న యింటివారు కెమెరాకు స్థలసూచన మూసివేసికొని మఱి చిత్రములు దీయవలెను. శిల్పులు ఈ మాట చెప్పకుండ నప్పగింత ముగింపరాదని నా యభిప్రాయము.

అప్‌డేటు లనగా మనవారికి విసుగు. “బాగుగానే యున్నదిగదా, మార్చుటెందుకు?” అందురు. 2017వ సంవత్సరము జనవరి 26వ తేదీన వర్డ్‌ప్రెస్‌వారు 4.7.2 అను కూర్పును విడుదల చేసిరి. అంతకుముందరి రెండు కూర్పులలో, ఎవరైనను లోనికి రాకయే పుటలలోని మాటలు మార్పగల కన్నమొకటి యుండెను. దానిని పూడ్చినది ఈ కూర్పు. కన్నము సంగతి వారము దినములు దాచి పిమ్మట వెల్లడించిరి. ఆలోగా మార్చుకొన్నవారు సుఖముగా నుండిరి. మార్చుకొననివారి వెబ్‌సైట్లలో, తరువాతి కొలది దినములలోనే పదిలక్షలకు మించిన పుటలను దుండగులు చెఱచి తమ పేర్లు వ్రాసికొనిరి. 2013లో వచ్చిన 3.7వ కూర్పు మొదలుగా చిన్న రక్షణపు మార్పులు వానియంతట నవియే జరుగుచున్నవి. కొందఱు శిల్పులు తమ కట్టడము కదలునేమో యని దానిని మూసివేయుచున్నారు. మూసిరా లేదా యని యడుగుడు. ఇక ప్లగిన్ లను పరికరములు, థీమ్ లను రూపములు. కన్నములలో హెచ్చుపాలు వీనియందే బయటపడుచున్నవి. వాడనివానిని తీసివేయుటయే మేలు. వెలగల థీమును ఉచితముగా నిత్తుమను దొంగకూర్పులను ముట్టరాదు. వానిలో పరులకు తలుపుతీయు సంకేతములు కుట్టబడియుండుట పరిపాటి. డబ్బు మిగులునని అట్టివి చేర్చు శిల్పి యున్నచో నతనిని మార్చుకొనుడు.

పెద్ద మార్పునకు ముందు నకలు తీసికొనవలెను. నకలు మాట వచ్చినది గనుక కొంచెము నిలిచెదను. మన ప్రాచీనగ్రంథములు తాటియాకులమీద మిగిలినది ఆకు గట్టిదగుటచేత గాదు. పురుగు తినకముందే యొకరు మఱియొక ప్రతి వ్రాయుచు వచ్చిరి. ఆ ప్రతులు వేఱువేఱు ఊళ్లలో, వేఱువేఱు ఇండ్లలో నుండెను. బ్రౌనుదొర వేమనపద్యముల ప్రతులు పలుచోట్లనుండి తెప్పించి సరిచూచి 1829లో అచ్చువేయింపగలిగినది అందుచేతనే. అన్ని ప్రతులును ఒకే యింటి యటుకమీద నుండినచో ఒక్క నిప్పురవ్వ చాలును. ఇది పాతకాలపు మాట గాదు. 2021వ సంవత్సరము మార్చి 10వ తేదీన ఫ్రాన్సు దేశమున స్ట్రాస్‌బర్గు నగరమునందలి ఓ.వి.హెచ్. అను పెద్దకంపెనీవారి యంత్రశాల యగ్నికి ఆహుతియయ్యెను. అసలు వెబ్‌సైటును దాని నకలును ఆ యావరణలోనే యుంచుకొన్నవారికి రెండును పోయినవి.

నకలు తీయుట చాలదు, తిరిగి నిలుపజూచుట కావలెను. 2017వ సంవత్సరము జనవరి 31వ తేదీన గిట్‌ల్యాబ్ అను సంస్థలో నొక యుద్యోగి ఒక యంత్రమనుకొని మఱియొక యంత్రముమీది దత్తాంశమును తుడిచివేసెను. వారికి నకలు తీయు నేర్పాట్లు ఐదు కలవు. చూడగా నైదింటిలో నొక్కటియు సరిగా పనిచేయుటలేదు! దైవవశమున ఆఱుగంటల ముందు వేఱొక పనికై తీసిన ప్రతి యొకటి దొరకినది. ఉద్దండులైన ఇంజనీర్లున్న సంస్థ గతియే యిట్లుండగా మన యప్పడముల వెబ్‌సైటు నకలును ఎవరు పరీక్షించిరి? మూడు ప్రతులుంచి, అందొకటి హోస్టింగువారి యొద్దగాక మఱియొకచోట నుంచుట వాడుక. ఏటికి రెండుసార్లు నకలును స్టేజింగు స్థలమున విప్పి, వెబ్‌సైటు లేచి నిలుచునో లేదో చూచుకొనవలెను. తీసిన ఆవకాయ జాడీ మూత తెఱచి చూడకయే చుట్టములకు పంపుదుమా?

మోసపు లేఖల సంగతి సంగ్రహముగా జెప్పెదను. వెబ్‌సైటు పెట్టిన నెలలోపలనే “మీ డొమైను గడువు నేడే ముగియును, ఈ లంకెను నొక్కి చెల్లింపుడు” అని లేఖలు వచ్చును. లంకె నొక్కరాదు. తానుగా తన డొమైను ఖాతా తెఱచి, గడువు తేదీ చూచుకొనవలెను. ఆ తేదీని గోడమీది క్యాలెండరులో ముందే వ్రాసికొన్నవారిని ఈ లేఖలు కదలింపలేవు. ధనము పోయినచో వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. ఆలస్యమైనకొలది తిరిగివచ్చు నాశ సన్నగిలును.

“ఇంత నేర్పినచో వారు మఱల మాయొద్దకు వత్తురా? మాకు భుక్తి యెట్లు?” అని యీ పనిచేయు చెల్లెండ్రు కొందఱు నన్నడిగిరి. న్యాయమైన ప్రశ్నయే. వెల మార్చుటకు బిలిచి నూఱురూపాయలిచ్చుటకు సణుగువారికంటె, ఆ పని తామే చేసికొని, ఏటికొకసారి నకళ్లు పరీక్షించుటకు, అప్‌డేట్లు చూచుటకు కట్టుబడి రుసుమిచ్చువారు మేలు గాదా? నేర్పు గంటలకు వేఱుగా వెలకట్టి, ఏయే పని రుసుములో జేరినది, ఏది చేరలేదు, వెబ్‌సైటు దుండగులపాలైనచో బాగుచేయుట కెంత యన్నది ముందే కాగితముమీద పెట్టుకొన్నచో ఇరుపక్షముల మర్యాదయు నిలుచును. ఉచితముగా నేర్పుడని నేనెవ్వరికిని జెప్పను. అత్తవారింట పనివలె ఆడువారి శ్రమను ఊరకనే వచ్చినదానిగా నెంచుట మనవారి కలవాటు. దానికి నా కలము తోడ్పడదు.

ఆ యువతి అప్పగింత జరిగిన నెలకు మఱల ఆ చీరల వర్తకురాలి యింటికి వెళ్లినది, నన్నును రమ్మన్నది. ఆ నెలలో ఆవిడ పదునేడు కొత్తచీరలు తానే యెక్కించుకొన్నది. ఒక చీర వెలలో సున్న యొకటి తగ్గగా, ఎవరును కొనకముందే చూచి తానే దిద్దుకొన్నది. చివరిపనిగా ఆ యువతి తన ఖాతాను తీసివేయుమన్నది. ఇచ్చట నొక మెలిక యున్నది. వర్డ్‌ప్రెస్‌లో నొకరి ఖాతాను దీసివేయునప్పుడు, వారు వ్రాసిన పుటలను తుడిచివేయుదమా, లేక మఱియొకరి పేర మార్చుదమా యని యది యడుగును. తొందరలో మొదటిదానిని నొక్కినచో వెబ్‌సైటులోని పుటలన్నియు ఆ ఖాతాతోనే తొలగును. పని మానిపోయిన గుమాస్తా ఖాతా తీసివేయబోయి అంగడినే తీసివేసికొన్నట్లగును. ఆ యువతి ఈ సంగతి ముందుగా జెప్పలేదు; చేతులు ఒడిలోనే యుంచుకొని చూచుచున్నది. తెరమీద ప్రశ్న రాగానే ఆ వర్తకురాలు కన్నద్దములు సరిచేసికొని, ప్రతియక్షరమును చదువుకొని, రెండవదానిని నొక్కి, క్రింది పట్టికలో తన పేరును వెదకి యెన్నుకొన్నది.